బిగించుటయు విప్పుటయు



బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగుట మీరందఱు చూచినదే. కమ్మరి పట్టాను ఎఱ్ఱగా కాల్చును. వేడిచే నది సాగును. చక్రమునకు తొడిగి నీళ్లు చల్లగానే కుదించుకొని కఱ్ఱను గట్టిగా పట్టుకొనును. ఆ పట్టు విడిపింపవలెనన్న మరల కమ్మరియే రావలెను. అట్లుగాక, బిగించినదానిని దేనిని చెడగొట్టక విప్పుకొనుటకు మనుష్యుడు కల్పించుకొన్న సాధనము మరబోల్టు. దాని చరిత్రమును విచారింపవలెనను బుద్ధి నాకు ఒక పాత ట్రాక్టరువలన కలిగినది.

మా యూర నొక రైతు ట్రాక్టరునకు డీజిలు ట్యాంకును పట్టియుంచు రెండు ఇనుపపట్టీలలో నొకటి త్రుప్పు తిని తెగినది. క్రొత్త పట్టీ తెచ్చిరి. కాని పాతదాని కొననున్న అర అంగుళపు బోల్టు ఎంత త్రిప్పినను కదలలేదు. ట్యాంకులోని డీజిలును పీపాలోనికి దించి, ఒక యువకుడు గ్యాసుమంట తెచ్చెను. నట్టును కాల్చినచో సాగి వదులగునని అతని యూహ. అది బండిపట్టా ధర్మమే; ఊహలో దోషము లేదు, చోటులో నున్నది. మా వృద్ధకమ్మరి అతని చేయి పట్టుకొని, “ఆగు నాయనా! నూనె పోయినా లోపల ఆవిరి పోదు. అది అంటుకుంటే ఇక్కడ ఎవరం మిగలం” అనెను. మంట ఆర్పిరి.

త్రుప్పు బోల్టును ఏల పట్టివేయును? నీరును గాలియు తగిలి ఇనుము త్రుప్పుగా మారునప్పుడు, ఆ త్రుప్పునకు మునుపటి ఇనుముకంటె ఎక్కువ చోటు కావలెను. మరచుట్ల సందున ఆ చోటు లేదు. కావున అది చీలవలె నడుమ దిగి రెంటిని బిగబట్టును. కమ్మరి తీగెల కుంచెతో పైత్రుప్పు గీకి, పలుచని నూనె పోసి, తెల్లవాఱువఱకు నుంచెను. ఉదయమున ట్యాంకు క్రింద కఱ్ఱదిమ్మె ఆనించి, నట్టును సుత్తితో మెల్లగా తట్టి, ముందు బిగించువైపునకు ఇసుమంత త్రిప్పి, పిదప విప్పువైపునకు త్రిప్పెను. మరల నూనె, మరల కొంచెము. జాముసేపటికి అది వచ్చినది.

వచ్చినదానిని చూడగా త్రుప్పొకటియే దోషము గాదని తేలినది. బోల్టునకు అంగుళమునకు 13 చుట్లు, నట్టునకు 12. వెనుక నెవ్వరో ఒకదాని నట్టును వేఱొకదానికి బలవంతముగ నెక్కించిరి. ఈ ఒక్క చుట్టు తేడా వెనుక నూఱేండ్లకు మించిన చరిత్రము కలదు.

మర ప్రాచీనమైనదే. రోమకులు ద్రాక్షపండ్లను, ఒలీవకాయలను పిండుటకు కఱ్ఱమరలు వాడిరి. ఇనుప బోల్టులు వచ్చిన పిమ్మటను చిరకాలము వానిని చేతితోనే కోయుచుండిరి. ఏ బోల్టు నట్టు దానికే సరిపోవును. జత తప్పినచో పని చెడును. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్లే మరచుట్లను నిక్కచ్చిగా కోయు లేతుయంత్రమును నిర్మించెను. ఆయన కర్మశాలలో పని నేర్చిన జోసెఫ్ విట్వర్త్ పెక్కు కర్మశాలలనుండి బోల్టులు సేకరించి, కొలిచి, సగటు తీసి, 1841లో ఒక ప్రమాణమును ఇంజనీర్ల సభకు నివేదించెను. చుట్టు కోణము 55 డిగ్రీలు. అర అంగుళపు బోల్టునకు 12 చుట్లు. బ్రిటిషు రైలు కంపెనీలు దానిని గైకొనెను.

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో వేఱొక ప్రమాణమును ప్రతిపాదించెను. విట్వర్తు మరకు శిఖరము గుండ్రన. అది సామాన్యపు పనివానికి కష్టము. సెల్లర్స్ దానిని చదునుచేసి, కోణమును 60 డిగ్రీలుగా నిర్ణయించెను. సమబాహు త్రిభుజమును గీయ నేర్చినవాడు దానిని సులభముగ సరిచూచుకొనగలడు. కాని అర అంగుళమునకు ఆయన చుట్లు 13. ఇద్దఱును బుద్ధిమంతులే, ఇరువురి కట్టడియు మంచిదే. రెండును కలిసినచోటనే చిక్కు.

ఆ చిక్కు ఎంతటిదో రెండవ ప్రపంచయుద్ధమున తెలిసినది. మిత్రపక్షములవారే యైనను, ఒకరి యంత్రమునకు ఇంకొకరి బోల్టు పట్టదాయెను. తుదకు 1948లో బ్రిటను, అమెరికా, కెనడాలు 60 డిగ్రీల ఉమ్మడి మరకు సమ్మతించినవి. నేటి మెట్రిక్ మరకును కోణము అదియే. కాని దాని కొలత మిల్లీమీటర్లలో. మనదేశమున మెట్రిక్ కొలతలకు 1956లో చట్టమైనది. అయినను పాత యంత్రములతో పాత కొలతలును మన పల్లెలలో నిలిచియున్నవి. మూడు వంశములవారును ఒక్క డబ్బాలో కలిసియుందురు!

కావున ఇంట యంత్రమున్నవారికి నా మనవి. నట్టు మొదట వ్రేళ్లతోనే రెండుమూడు చుట్లు ఎక్కవలెను. ఎక్కనిచో అది దాని జత కాదు, పానా పెట్టకుడు. పట్టీకిని ట్యాంకునకును నడుమ రబ్బరు నుంచుడు; లేనిచో ఇనుము ఇనుమును ఒరయును. అచట నీరు నిలువనీయకుడు. బోల్టునకు గ్రీజు పూయుడు. 50 లీటర్ల డీజిలు 40 కిలోలకు మించి తూగును గావున, ఖాళీచేసి క్రింద ఆనిక పెట్టక పట్టీ విప్పకుడు. ట్యాంకు దాపున నిప్పు తేకుడు.

ఆ ట్రాక్టరునకు తగిన జతను వెదకి తెచ్చి బిగించినది, మంట తెచ్చిన ఆ యువకుడే. నట్టును వ్రేళ్లతో నెక్కించి, అది చివరివఱకు నడచుట కమ్మరికి చూపెను. ఆయన తలయూచెను. మఱి యేమియు ననలేదు.