కొత్త కోడలికి ఆరళ్ళు, కొత్త ఆటగాడికి తిట్లు

వుమ్మడి కుటుంబంలోకి కాపురానికొచ్చిన కొత్త కోడలి అవస్థ మనకెవరూ చెప్పనక్కర్లేదు. వుప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు, మామగారికి కాఫీ ఎన్నింటికో తెలీదు. అడిగితే "ఆ మాత్రం తెలీదా?" అంటారు. అడక్కుండా చేస్తే "అడగొచ్చుగా!" అంటారు. యీ అవస్థే ఇవాళ మన పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని పడుతున్నారంటే నమ్ముతారా? అయిదుగురొక జట్టుగా చేరి మరో అయిదుగురితో ఆన్‌లైన్లో పోరాడే ఆటలున్నాయి చూశారూ, డోటా అనీ, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనీ, వాటిలో కొత్తగా అడుగుపెట్టినవాడు అచ్చం కొత్త కోడలే. యీ ఆటల చరిత్రలో సగం, కొత్తవాణ్ణి ఎలా చూడాలో నేర్చుకున్న చరిత్ర!

పుట్టుక దగ్గర్నుంచి చూద్దాం. 1998లో అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధపు ఆట అమ్మకానికి తెచ్చింది. దాంతోపాటు, ఎవరికి వారు కొత్త యుద్ధరంగాలు గీసుకునే పనిముట్టు కూడా ఇచ్చింది. వాకిలీ, ముగ్గుపిండీ అప్పగించినట్టే గదా! ఒక అభిమాని 'ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్' అనే రంగం గీశాడు. అందులో ఆటగాడికి సైన్యమంతా కాదు, ఒక్క వీరుడే. 2002లో అదే కంపెనీ వార్‌క్రాఫ్ట్ 3 తెచ్చింది. దాని మీద 2003లో 'యూల్' అనే మారుపేరుగల అభిమాని 'డిఫెన్స్ ఆఫ్ ది ఏన్షెంట్స్' కట్టాడు. డోటా అంటే ఆ పేరుకి పొడి అక్షరాలన్నమాట. తరవాత స్టీవ్ ఫీక్ అనే ఆయన దాన్ని పెంచాడు. తన బౌలింగ్ బంతికి పెట్టుకున్న 'రోషన్' అనే ముద్దుపేరునే ఆటలోని రాక్షసుడికీ పెట్టాడాయన! ఆ పైన 'ఐస్‌ఫ్రాగ్' అనే మారుపేరు మనిషి అందుకున్నాడు. అభిమానులు సరదాకొద్దీ పెంచిన బిడ్డ గనక దానికి పలకా లేదు, బడీ లేదు. తెలిసినవాడికి తెలిసినంత.

ఆట పద్ధతి చెప్పుకుంటే సులువే. రెండు కోటలు, మధ్య మూడు దారులు, దారి పొడుగునా బురుజులు. ఎదుటివాళ్ళ కోటలోని ముఖ్య కట్టడాన్ని కూలిస్తే గెలుపు. చిక్కల్లా ఎక్కడంటే, మీ వీరుడు చచ్చిపోయిన ప్రతిసారీ చంపినవాడికి బంగారమూ, బలమూ పెరుగుతాయి. అంటే కొత్తవాడు తను ఓడడమే కాదు, శత్రువుకి కూర్చోబెట్టి వడ్డిస్తున్నాడు. దానికి ఆటగాళ్ళు పెట్టుకున్న మాట కూడా 'ఫీడ్' చెయ్యడం, అంటే మేపడమే. దాంతో మిగతా నలుగురూ ఒక్కసారిగా మీద పడతారు. చదరంగంలో ఓడితే మన బాధ మనది. ఇక్కడ మన తప్పుకి నలుగురి అరగంట వృథా. తిట్లన్నీ అందులోంచే పుట్టాయి.

2009లో రయట్ గేమ్స్ కంపెనీ లీగ్ ఆఫ్ లెజెండ్స్ తెచ్చింది. అప్పటికి 40 మంది వీరులు. ఇప్పుడు 160 దాటారు. ఒక్కొక్కరి విద్యలు ఒక్కో తీరు. 2013లో వాల్వ్ కంపెనీ డోటా 2ను పూర్తిగా విడుదల చేసింది. అంతకు ముందే, 2011లో జర్మనీలోని కొలోన్‌లో పోటీ పెడితే, గెలిచిన వుక్రెయిన్ జట్టు నావీకి 10 లక్షల డాలర్లు ముట్టాయి. 2021 నాటికి ఆ పోటీ మొత్తం బహుమతి 4 కోట్ల డాలర్లు దాటింది. డబ్బు పెరిగేకొద్దీ కొత్తవాడి మీద చిరాకూ పెరిగింది. కెవిన్ గోడెక్ అనే ఆటగాడు నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన పాఠానికి పెట్టిన పేరే 'డోటాకి స్వాగతం, నీకేం చేతకాదు' అన్న అర్థం వచ్చేది! అయితేనేం, లోపల అంతా ఓపిగ్గా చెప్పాడు. అత్తగారి మాటలా పేరు కటువు, లోపల వెన్న.

కంపెనీలకీ భయం పట్టుకుంది. కొత్తవాళ్ళు పారిపోతే ఆట బతకదుగా! 2011లో రయట్ వాళ్ళు ఒక పంచాయితీ పెట్టారు. బూతులాడిన వాళ్ళ సంభాషణలు చదివి, శిక్షించాలా క్షమించాలా అని ఆటగాళ్ళే ఓటు వేసేవారు. 2014లో అది ఆగిపోయింది. 2012లో మంచిగా ఆడినవారిని తోటివారు మెచ్చుకునే ఏర్పాటు పెట్టారు. 2021లో డోటావాళ్ళు కొత్తవాళ్ళకని ప్రత్యేకంగా పాఠాలు చేర్చారు.

జట్టులో 'సపోర్ట్' అని ఒక స్థానం వుంది. ఇది మనకి బాగా తెలిసిన పాత్రే. తన బంగారం ఖర్చు పెట్టి చీకట్లో కాపలా కళ్ళు నాటాలి, అవతలి వాణ్ణి పెద్ద చెయ్యాలి, తనకేమీ మిగలదు. ఆ స్థానంలోనే మరియా క్రెవెలింగ్ అనే అమ్మాయి 'రెమీలియా' పేరుతో ఆడి, 2016లో వుత్తర అమెరికా లీగ్ పెద్ద పోటీల్లో ఆడిన తొలి స్త్రీ అయింది. కొద్ది వారాలకే మానసికాందోళన వల్లనని చెప్పి తప్పుకుంది. 2019 డిసెంబరులో చనిపోయేనాటికి ఆమెకి 24 ఏళ్ళు. ఆటలో ఎంత నైపుణ్యమున్నా, మనసు కుదుటపడే చోటు దొరకకపోతే నిలబడడం కష్టమని ఆ పిల్ల కథ చెబుతుంది.

ఇది పోకిరీ వ్యాపకమని కొట్టిపారెయ్యడానికీ లేదండోయ్. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో యీ రెండు ఆటలకీ పతకాలిచ్చారు. అంతకు ముందే, 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో మన దేశపు డోటా 2 జట్టు కాంస్యం తెచ్చింది.

కనక మీ అబ్బాయో అమ్మాయో మొదలు పెడతానంటే నాలుగు మాటలు చెప్పండి. ముందు మనుషులతో కాదు, కంప్యూటర్ నడిపే బొమ్మలతో ఆడమనండి. అందరు వీరుల వెంటా పడకుండా ఒకరిద్దర్ని బాగా నేర్చుకోమనండి. చంపడం కంటే చావకుండా వుండడం ముందు నేర్చుకోమనండి. తిట్టేవాడి నోరు మూసే మీట ఆటలోనే వుంది, మొహమాటపడకుండా నొక్కమనండి. భోజనానికి మీరూ అరగంట ముందే కేకెయ్యండి. మధ్యలో లేచొస్తే నలుగుర్ని వదిలేసి వచ్చినట్టే.

నేర్చుకున్నాక, రేపు మరో కొత్తవాడు తన జట్టులోకి వస్తాడు. అప్పుడు మీవాడు ఏమంటాడో చెవి వొగ్గి వినండి. ఆరళ్ళు పడిన కోడలే అత్తయితే ఎలా వుంటుందో, పిల్లాడి పెంపకం ఎలాంటిదో అక్కడే తేలిపోతుంది.