అరకు కాఫీ రుచి

కొత్తవలస స్టేషనుకడ కిరందూలు రైలుమార్గము ప్రధానమార్గమును విడిచి కొండలకెక్కును. 1960 తరువాత ఇనుపరాతిని సముద్రతీరమునకు దింపుటకై వేసిన యీ దారి ప్రక్కనున్న అనంతగిరి, అరకు ప్రాంతములలో, సిల్వరుఓకు చెట్ల నీడను, మిరియపుతీగెల నడుమ కాఫీ పండుచున్నది.

ఇది ఈ కొండల సొంతపంట కాదు. 1898లో బ్రాడీ అను ఆంగ్లేయుడు గోదావరి మన్యమందలి పాములేరు లోయలో నాటించెననియు, 1920 ప్రాంతమున అరకు, చింతపల్లి వైపులకు వ్యాపించెననియు చెప్పుదురు. పోడువ్యవసాయమునకు బదులుగా ప్రభుత్వము దీనిని గిరిజన కుటుంబముల చేతికిచ్చుట చాలకాలము తరువాతి మాట. అయినను ఆ గింజకు చిరకాలము పేరు లేకపోయెను. దళారి బస్తాలో ఇతరప్రాంతపు గింజలతో కలిసి, మన యిండ్లలో చికోరీతోను పాలతోను కలిసి, అది తన రుచిని పోగొట్టుకొనుచుండెను.

ఒకే ప్రాంతపు గింజను పరీక్షించువారి పద్ధతి వేరు. గింజను లేతగా వేయించి, ముతకగా పొడిచేసి, కాగి కొంచెము తగ్గిన నీరు పోసి నాలుగు నిమిషములుంతురు. పైని తెట్టెను చెంచాతో చీల్చి వాసన చూతురు. పిమ్మట చెంచాడు ద్రవమును జుర్రున పీల్చి, నోరంతయు తిప్పి ఉమ్మివేయుదురు. చప్పుడు చేయుచు త్రాగరాదని మన పెద్దలు కసరుదురు గదా! ఇచ్చట అదియే విధి. గాలితో కలిసి చిమ్మినగాని వాసన ముక్కు వెనుకకు చేరదు.

2017లో పారిస్ నగరమున అరకు పేరుతోనే అంగడి వెలసినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. దీని రుచిలో గ్రేప్‌ఫ్రూట్ పులుపును, బెల్లపు తీపిని చెప్పుదురు. ఆ పరదేశిపండు మనలో పెక్కుమంది చూడనిది. దానికి తల్లియైన పంపరపనస మన పెరటిలోనే కలదు. పంపరపనస యనినచో కొండపై కోయునామెకును తెలియును. బెల్లమునకు అనకాపల్లి కంటె దూరము పోనక్కరలేదు.

రుచికి పేరుపెట్టుట వట్టి వేడుక కాదు. ధర దానిపైననే నిలుచును. పచ్చికాయ పండ్లలో కలిసినచో కప్పులో పసరువాసన తేలును. పండ్లు కోసి నిలువయుంచినచో పులిసిన కంపు తగులును. తన కాఫీని ఎన్నడును రుచిచూడని రైతునకు ఈ లోపములు ధర తగ్గినపుడుగాని తెలియవు, అప్పుడైనను కారణము తెలియదు.

చదువరులు ఒకదినము చికోరీ కలపని అరకుపొడిని పాలు, పంచదార లేక రుచిచూతురుగాక. పులుపు మొదట తగులును. తీపి చల్లారినకొలది తెలియును.