ఇంజను లేని ఇంజను మోత

"చెవులారా విన్నాను" అని ఎవరైనా అంటే మనవాళ్ళు ఇక వేరే సాక్ష్యం అడగరు. కంటిని మోసం చేయవచ్చని ఇంద్రజాలికులు తరతరాలుగా చూపిస్తున్నారు కాబట్టి చూసినదాన్ని అనుమానించేవాళ్ళు కొందరైనా ఉంటారు. విన్నదాన్ని అనుమానించేవాళ్ళు తక్కువ. చెవి సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది? దీనికి నేను తీసుకున్న ఉదాహరణ దేవుడూ కాదు, దయ్యమూ కాదు. ఇంజను మోత. ఈనాడు చుక్క డీజిల్ లేకుండా, అసలు ఇంజనే లేకుండా, కంప్యూటరు ఆ మోతను తయారు చేస్తుంది. దాని వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

మళ్ళీ మళ్ళీ ఒకేలా వచ్చే అల ఎంత గజిబిజిగా ఉన్నా, దాన్ని కొన్ని సాదా అలల మొత్తంగా విడగొట్టవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో తన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో చూపాడు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని చెవికి అన్వయించి 1863లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. విద్యుత్తుతో మోగే శ్రుతిదండాలను కలిపి, మనిషి గొంతు పలికే అచ్చుల్లాంటి ధ్వనులు పుట్టించాడు. నోరు లేకుండా అచ్చులు! మా లెక్కల భాషలో చెప్పాలంటే, ప్రతి ధ్వనీ ఒక మొత్తం. దాన్ని పద్దులుగా విడదీయవచ్చు. పద్దులన్నీ కలిపి మళ్ళీ అదే మొత్తం రాబట్టవచ్చు.

మన దేశంలో ఈ దారిన నడిచినవాడు సి.వి. రామన్. ఆయన చిన్నప్పటి చదువు విశాఖపట్నంలో సాగింది. 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా ఉద్యోగంలో చేరాడు. ఆఫీసు వేళలు మినహా మిగిలిన సమయమంతా ప్రయోగశాలలో వాద్యాల మీద పని చేశాడు. 1917లో ఆ ఉద్యోగం వదిలి ఆచార్యుడయ్యాడు. రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైన నాబోటి బీకాం వాడికి ఇది కాస్త గర్వంగానే ఉంటుంది. మృదంగం నాదంలో దైవత్వం ఉందని అందరూ అంటుంటే, 1920లో రామన్, శివకాళి కుమార్ కలిసి దాని మర్మం చర్మం మీది నల్లటి పూతలో ఉందని చూపారు. మామూలు డప్పులో చెదిరిపోయే ఉపస్వరాలను ఆ పూత బరువు వరసలోకి తెస్తుంది. ఈ సంగతి తెలిసినందువల్ల మృదంగం తీపి తగ్గిపోలేదు.

ఇప్పుడు ఇంజను దగ్గరకు వద్దాం. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. ఇక్కడ జంగ్లీఘాట్‌లో మన తెలుగు మత్స్యకారుల పడవలు చూస్తుంటాం. మా దీవుల్లో వీటిని డుంగీ అంటారు. అలాంటి పడవకు ఒకే సిలిండరు ఇంజను ఉండి, అది నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు ఏడున్నర పేలుళ్ళు. సెకనుకు ఇరవై లోపు తాకిళ్ళను చెవి విడివిడిగానే వింటుంది. అందుకే అది "టక టక టక". ఆరు సిలిండర్ల బస్సు 1500 చుట్ల మీద ఉంటే సెకనుకు 75 పేలుళ్ళు. అవి కలిసిపోయి ఒకటే గుంయ్‌మనే స్వరం అవుతుంది.

హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిలు మోతకు ఆత్మ ఉందని దాని అభిమానులు అంటారు. ఆ మోతను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని కంపెనీ 1994లో అమెరికాలో దరఖాస్తు పెట్టి, 2000లో వెనక్కి తీసుకుంది. ఆ "ఆత్మ" 45 డిగ్రీల కోణంలో ఉన్న రెండు సిలిండర్లు. అవి ఒకే పిన్నును తిప్పుతాయి కాబట్టి పేలుళ్ళ మధ్య దూరం సమానంగా ఉండదు. ఒకసారి 315 డిగ్రీలు, మరోసారి 405. రెండూ కలిపితే 720, అంటే సరిగ్గా రెండు చుట్లు. కుంటుతున్నట్టుండే ఆ లయకు మూలం ఇదే.

పద్దులు తెలిశాయి కనుక మొత్తం కట్టడం మిగిలింది. 1957లో బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ కంప్యూటరు చేత సంగీతం పలికించాడు. 1982లో వచ్చిన పోల్ పొజిషన్ వీడియో గేములో వేగంతోపాటు శ్రుతి పెరిగే కారు మోత వినపడింది. 1990ల్లో మిల్లర్ పకెట్ ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేరు తయారు చేశాడు. దానితో ఇలాంటి శబ్దాలు ఎవరైనా కట్టుకోవచ్చని ఆండీ ఫార్నెల్ 2010లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. పద్ధతి కష్టమేమీ కాదు. ముందు పేలుళ్ళ వరస. దాన్ని సైలెన్సరు గొట్టం లాంటి వడపోత గుండా పంపాలి. పీల్చే గాలి సవ్వడి కలపాలి. చివరగా పేలుడుకూ పేలుడుకూ మధ్య చిన్న తేడాలు పెట్టాలి. ఈ ఆఖరి పద్దు చాలా ముఖ్యం. మరీ సమానంగా ఉంటే చెవి పట్టేస్తుంది. దొంగ బిల్లుల్లో అంకెలన్నీ గుండ్రంగా ఉంటే ఆడిటరుకు అనుమానం వచ్చినట్టే.

ఇక హేతువాదులకు కావలసిన విషయం. సూర్యుడు ఓంకారం పలుకుతున్నాడని, నాసా దాన్ని రికార్డు చేసిందని 2020లో దేశమంతా ప్రచారం జరిగింది. శూన్యంలో శబ్దం ప్రయాణించదు. నాసా 2018లో వినిపించినది సూర్యుడి ఉపరితలం కదలికల కొలతలను శబ్దంగా మార్చిన రూపం. నలభై రోజుల కొలతలను 42,000 రెట్లు వేగం పెంచి కుదించారు. లెక్క వేద్దాం. సూర్యుడి ప్రధాన కంపనానికి సుమారు అయిదు నిమిషాలు, అంటే 300 సెకన్లు పడుతుంది. 42,000ను 300తో భాగిస్తే సెకనుకు 140. నాలుగు సిలిండర్ల కారు నిమిషానికి 4200 చుట్లు తిరిగినప్పుడు పేలే పేలుళ్ళూ సెకనుకు 140. ఆ గుంయ్‌కారం వేదమైతే, ఈ కారు కూడా వేదం చదువుతున్నట్టే!

అయితే సృష్టించిన శబ్దమంతా మోసమేనా? కాదు. విద్యుత్ వాహనాలు నిశ్శబ్దంగా వస్తాయి. వాహనాల మోత విని రోడ్డు దాటే అంధులకు అది ప్రాణాంతకం. నెమ్మదించడం, వెనక్కి రావడం వంటి సందర్భాల్లో హైబ్రిడ్ వాహనాలు పాదచారులను ఢీకొనే అవకాశం మామూలు వాహనాలకంటే రెట్టింపని 2009లో అమెరికా రహదారి భద్రతా సంస్థ అధ్యయనం తేల్చింది. 2016 నాటి ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం అలాంటి వాహనం గంటకు 10 కిలోమీటర్ల వేగంలో కనీసం 50 డెసిబెల్స్, 20 కిలోమీటర్ల వేగంలో 56 డెసిబెల్స్ శబ్దం చేయాలి. వేగంతోపాటు శ్రుతీ మారాలి. ఇంజను లేకపోయినా ఆ శబ్దం అబద్ధం చెప్పదు. "వాహనం వస్తోంది, వేగం పెరుగుతోంది" అనే నిజమే చెబుతుంది. పెట్రోలు కారు లోపల స్పీకర్లలో ఇంజను హోరును పెంచి వినిపించడం వేరు. 2011 నాటి బీఎండబ్ల్యూ ఎం5 చేసింది అదే. అది కొన్నవాడి సంబరం కోసం పెట్టిన పద్దు.

మన దేశంలో కార్లు, బస్సులు, సరుకు రవాణా విద్యుత్ వాహనాలకు 2026 అక్టోబరు నుంచి కొత్త మోడళ్ళకు, 2027 అక్టోబరు నుంచి ఉన్న మోడళ్ళకు ఈ శబ్దం తప్పనిసరి చేయాలని కేంద్రం 2025 సెప్టెంబరులో ముసాయిదా ఇచ్చింది. అందులో స్కూటర్లూ ఈ-రిక్షాలూ లేవు. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన మా పోర్ట్ బ్లెయిర్‌లో గాని, మీ విజయవాడలో గాని, సందు మలుపులో చప్పుడు లేకుండా మీదికి వచ్చేవి అవే కదా. సూర్యుడి నోట లేని శబ్దం వినడానికి లక్షల మంది చెవులు రిక్కించారు. కర్ర పట్టుకుని రోడ్డు దాటే మనిషికి అవసరమైన శబ్దం కోసం అందులో పదో వంతు మందైనా అడిగితే బాగుండును. హేతువాద సంఘాలు ప్రభుత్వానికి రాయదగిన ఉత్తరం ఇది.