సాంకేతిక న్యాయశాస్త్రం (ఎల్‌ఎల్‌ఎం ప్రత్యేకాంశం)

ఎల్‌ఎల్‌బీ తర్వాత చేసే ఎల్‌ఎల్‌ఎంలో కంప్యూటర్ నేరాలు, సమాచార గోప్యత, ఎలక్ట్రానిక్ సాక్ష్యాల చట్టాలను ప్రత్యేకంగా చదవడం. కర్నూలు, కడప విద్యార్థులు ఇందుకు పీజీఎల్‌సెట్ రాసి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనో, క్లాట్ రాసి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లోనో చేరతారు. విశాఖపట్నంలో 2008లో ఏర్పడిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టిన మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఆయనా లా చదివినవారే. యూజీసీ ఏడాది ఎల్‌ఎల్‌ఎం నమూనాలో తప్పనిసరి పేపర్లు మూడు, ఐచ్ఛికాలు ఆరు, ఒక డిసర్టేషన్. ఐచ్ఛికాల ఎంపికే అసలు ప్రత్యేకత. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో సైబర్ చట్టాల పీజీ డిప్లొమా కూడా ఉంది.

ఈ రంగంలో తెలుగు నేల నుంచి వచ్చిన ముఖ్యమైన తీర్పు సయ్యద్ అసిఫుద్దీన్ కేసు (2005). ఒక కంపెనీ చవకగా ఇచ్చిన సెల్‌ఫోన్లను పోటీ కంపెనీ నెట్‌వర్క్‌లో పనిచేసేలా మార్చారన్నది ఆరోపణ. ఫోన్‌లో నిక్షిప్తమైన 32 బిట్ల ఎలక్ట్రానిక్ క్రమసంఖ్యను మారిస్తే అది నేరమా? సెల్‌ఫోను ఐటీ చట్టం, 2000 ప్రకారం కంప్యూటరేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చి, కంప్యూటర్ సోర్స్ కోడ్‌ను మార్చడాన్ని నేరంగా చూసే 65వ సెక్షన్ కింద దర్యాప్తును కొనసాగనిచ్చింది. చేతిలో ఇమిడే వస్తువుకు చట్టం ఎలా వర్తిస్తుందో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

రోజువారీ ప్రాక్టీసులో అక్కరకొచ్చేది సాక్ష్యాల భాగం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) కూడా రాయాలి. కర్నూలు కోర్టులో వాట్సాప్ సందేశం దాఖలు చేసే వకీలుకూ ఇదే నిబంధన.