'రన్' అను క్రియయు, తెలుగున 'ఆడు' – 'ఆడించు' : బోధను చెరకుసీమ సాక్ష్యము

ఆంగ్లమున 'రన్' అను క్రియ నేడు కంప్యూటరు పరిభాషలో నిత్యవ్యవహారమున నున్నది. 1948 జూన్ 21వ తేదీన మాంచెస్టరు విశ్వవిద్యాలయమున నొక యంత్రము, తన స్మృతిలోనే నిలుపుకొన్న ప్రోగ్రామును తొలిసారిగా నడపినది. ఇట్టి వ్యాపారమునకు ఆంగ్లేయులు వాడు మాట 'రన్'. దీనికి తెలుగున సరియైన క్రియ యేది యను ప్రశ్నకు నిఘంటువులకంటె నిజామాబాదు జిల్లాలోని బోధను చెరకుసీమ చక్కని సమాధాన మీయగలదని మా యభిప్రాయము.

ప్రాచీనాంగ్లమున తాను పరుగెత్తుటకు ఒక క్రియయు, ఇతరమును పరుగెత్తించుటకు వేఱొక క్రియయు నుండెను. కాలక్రమమున నవి యేకరూపమును పొందినవి. కావున నది పాఱుట, కర్మాగారమును నిర్వహించుట, ప్రోగ్రాము సాగుట – అన్నియు నొక్క 'రన్' లోనే యిమిడిపోయినవి. తెలుగు ఈ భేదమును విడువలేదు: నడచు – నడపు, ఆడు – ఆడించు. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ప్రేరణార్థకములను ప్రత్యేకముగ నిరూపించినది.

1923–1931 సంవత్సరముల నడుమ మంజీరనదిపై నిజాంసాగరు నిర్మింపబడగా, దాని యాయకట్టున చెరకుసాగు విస్తరించెను. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము బోధనున శక్కర్‌నగరున వెలసెను. యంత్రములు రాకపూర్వము ఎద్దులు చుట్టుతిరుగగా గానుగ 'ఆడెడిది'. రైతు దానిని 'ఆడించెడివాడు'. ఆవిరిశక్తితో తిరుగు ఉక్కురోలర్లు వచ్చిన పిదపను ఆ క్రియ పోలేదు. కర్మాగారము ఇన్ని టన్నుల చెరకు 'గానుగాడినది' అని తెలుగు పత్రికలు వ్రాయుచుండుట సుపరిచితము. ఎద్దులు పోయినవి; వాని క్రియ నిలిచినది.

ఈ సీమ బహుభాషాసంగమము. ఉర్దూ రాజభాషగా నుండిన కాలమున హిందుస్తానీ 'చలానా' నుండి 'చలాయించు' తెలుగున స్థిరపడినది. మరాఠీ సాహచర్యమున పిండిమరకు 'గిర్నీ' యను పేరు కలిగినది. కాని 'చలాయించు' అనునపుడు పెత్తనము ధ్వనించును. 'అధికారము చలాయించు' అనుట దీనికి నిదర్శనము. 'నడపు' బండికిని, సంస్థకును చెల్లును. 'ఆడు' అనునది మాటిమాటికి జరుగు చలనమును తెలుపును: ఊపిరి ఆడును, నాడి ఆడును, సినిమా నూఱు దినములు ఆడును. ఆదేశములను మరల మరల నెఱవేర్చు ప్రోగ్రామునకు ఈ యర్థమే మిక్కిలి సన్నిహితము.

నేటి వ్యవహారమున 'రన్ అగుచున్నది', 'రన్ చేయుచున్నాము' అను రూపములు గలవు. వీనియందొక విశేషము గమనింపదగును. ఆంగ్లము కలిపివేసిన రెండర్థములను తెలుగువాడు 'అగు', 'చేయు' అను క్రియలను చేర్చి మరల వేఱు పఱచుకొనుచున్నాడు. పదము ఎరువు తెచ్చుకొన్నను, భాషాస్వభావము తనదే. అట్లయినచో ఆ స్వభావమును సహజముగ నిముడ్చుకొన్న 'ఆడు – ఆడించు' జంటను పరిభాషాకర్తలు పరిశీలింపకుండుట నష్టమే.

ఈ భేదము వ్యాకరణమాత్రము కాదు. 2002లో ఈ కర్మాగారపు అధికవాటా ప్రైవేటు యాజమాన్యమునకు సంక్రమించెను. 2015 డిసెంబరులో చెరకు ఆడుట నిలిచెను. అప్పుడు 'కర్మాగారము ఆడుట లేదు' అన్నచో అది యంత్రమునకు గలిగిన స్థితి. 'ఆడించుట లేదు' అన్నచో ఎవరు అను ప్రశ్న వెంటనే పుట్టును. చెరకు పండించు రైతునకును, జీతము కొఱకు ఎదురుచూచు కార్మికునకును ఈ రెండు వాక్యములు సమానములు కావు. యంత్రము ఏదైనను – గానుగయైనను, కంప్యూటరైనను – దాని వెనుక నున్న కర్తను చూపగల క్రియను కాపాడుకొనుట భాషకు మేలని మేము తలంచుచున్నాము.