అమెచ్యూర్ రేడియో తెరపై ప్రసార పౌనఃపున్యం: తుపాను తీరం నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటిన తుపాను తూర్పుగోదావరిలో టెలిఫోను, విద్యుత్ వ్యవస్థలను స్తంభింపజేసింది. ఉప్పాడ వంటి మత్స్యకార గ్రామాలకు అటువంటి వేళల్లో ఆధారం కాగల సాధనాల్లో అమెచ్యూర్ రేడియో ఒకటి. 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ అభిరుచికి విపత్తు సేవ అనే ప్రయోజనాన్ని జోడించింది.

అయితే వినే పౌనఃపున్యమే ప్రసార పౌనఃపున్యం కానక్కరలేదు. ఉదాహరణకు, ఒక రిపీటరును 145.700 మెగాహెర్ట్జ్‌పై వింటూ 145.100పై మాట్లాడవలసి ఉంటుంది. తొలినాళ్లలో రిసీవరు, ట్రాన్స్‌మిటరు వేర్వేరు పెట్టెలు. రెండు డయళ్లనూ ఆపరేటరే సరిచూసుకునేవాడు. రెండింటినీ కలిపిన ట్రాన్స్‌సీవరు సౌకర్యం పెంచింది గాని, తేడాను కంటికి మరుగుపరచింది. రెండవ ప్రపంచయుద్ధ కాలం నాటికే ఉన్న పానోరమిక్ రిసీవర్లు చుట్టుపక్కల సంకేతాలను చూపేవి. నేటి సాఫ్ట్‌వేర్ రేడియో తెర వాటికి తోడు ప్రసార స్థానాన్ని వేరే రంగు గీతతో సూచిస్తుంది.

ఈ గీతకూ పరిమితి ఉంది. 200 కిలోహెర్ట్జ్ వెడల్పు మాత్రమే చూపే తెరపై 600 కిలోహెర్ట్జ్ దూరంలోని ప్రసార గీత కనిపించదు. కాబట్టి గీతతోపాటు అంకె కూడా కనిపించాలి. తుపాను రాత్రి ఒకరి పిలుపు మరొకరి ఆపద సందేశాన్ని కప్పివేయకుండా ఉండాలంటే, తన మాట ఎక్కడికి వెళుతున్నదో ఆపరేటరుకు ముందే తెలియాలి.