లాలాజల గ్రంథులలో పుట్టే అరుదైన క్యాన్సర్లు

చెవి కింద గడ్డ కనిపిస్తే మన పల్లెల్లో మొదట వినిపించే మాట గవదబిళ్లలు. పిల్లలకు జ్వరంతో, నొప్పితో వచ్చే వాపు విషయంలో ఆ అనుమానం సహేతుకమే. అది సాధారణంగా పది రోజుల్లో తగ్గుతుంది. అన్నం తినేటప్పుడు ఉబ్బి, తరువాత తగ్గే వాపైతే తరచుగా గ్రంథి నాళంలో రాయి ఉంటుంది. నడివయసు దాటిన వ్యక్తికి జ్వరమూ నొప్పీ లేకుండా ఒక పక్కనే గట్టి గడ్డ తేలి, మూడు వారాలైనా కరగకుంటే మాత్రం వైద్యునికి చూపించి తీరాలి.

లాలాజలాన్ని స్రవించే పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవి ముందున్నవి పెరోటిడ్, కింది దవడ అడుగునున్నవి అధోజంభికా, నాలుక కిందివి అధోజిహ్వికా గ్రంథులు. ఇవిగాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిలిలో 600 నుండి 1000 వరకు సూక్ష్మగ్రంథులు ఉంటాయి. వైద్యుడు కన్నడంలో 'లాలారస గ్రంథి' అన్నా, తమిళంలో 'ఉమిళ్‌నీర్ సురప్పి' అన్నా ఇవే.

గ్రంథి ఎంత చిన్నదైతే అందులోని కణితి క్యాన్సర్ అయ్యే అవకాశం అంత ఎక్కువ. పెరోటిడ్ కణితుల్లో సుమారు 80 శాతం క్యాన్సర్ కానివే. అధోజంభికా గ్రంథిలో దాదాపు సగం, నాలుక కింద అత్యధిక భాగం క్యాన్సర్లే. కనుక అంగిలి మీది బొడిపెను చిన్నదే కదా అని వదలరాదు. క్యాన్సర్ కాని కణితి సైతం ఏళ్ల తరబడి ఉంచితే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది.

ముఖాన్ని కదిలించే నాడి పెరోటిడ్ గ్రంథి గుండా పోతుంది. గడ్డతో పాటు మూతి వంకర తిరిగినా, కన్ను మూతపడకున్నా పక్షవాతమని పసర్లు పోయిస్తూ కాలం గడపడం మిక్కిలి ప్రమాదకరం.

వీటిలో మ్యూకోఎపిడెర్మాయిడ్ రకం ఎక్కువగా కనిపిస్తుంది. ఎడినాయిడ్ సిస్టిక్ రకం మెల్లగా పెరుగుతూ నాడుల వెంట పాకుతుంది. చికిత్స జరిగిన పదేళ్లకు కూడా ఊపిరితిత్తుల్లో తేలవచ్చు. అందుచేత నయమైనదని తనిఖీలు మానరాదు. నోటి క్యాన్సర్‌కు వలె వీటికి పొగాకే ప్రధాన కారణమని చెప్పలేము. గుట్కా ముట్టనివారికీ వస్తాయి. పూర్వం తలకు, మెడకు రేడియేషన్ పొందినవారికి ముప్పు అధికం.

సన్నని సూదితో కణాలు తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందనే భయంతో దీనిని మానుకోవడం తగదు. ప్రధాన చికిత్స శస్త్రచికిత్స. అవసరమైతే ఆపైన సుమారు ఆరు వారాల రేడియేషన్. కీమోథెరపీ పాత్ర పరిమితం.

బెంగళూరు కిద్వాయ్, 1954లో నెలకొల్పిన చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, కటక్ ఆచార్య హరిహర్, ముంబయి టాటా మెమోరియల్, పుదుచ్చేరి జిప్‌మర్ మన ప్రాంతాల వారు చేరుకోగల సంస్థలు. ఒక రాష్ట్రపు ఆరోగ్య కార్డు పొరుగు రాష్ట్రంలో చెల్లుతుందో లేదో బయలుదేరక ముందే విచారించాలి. పరీక్ష కాగితాలతో పాటు సూదిపరీక్ష గాజు పలకలను కూడా అడిగి తీసుకుని వెళ్లాలి. పెద్దాసుపత్రిలో వాటిని మళ్లీ చూస్తారు.